సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఉమ్మడి పదకోశం: రాయడం ఎలా, కాపాడుకోవడం ఎలా

ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక వ్యవస్థ మీద పనిచేస్తున్న రోజుల్లో, నెలాఖరు నివేదికలో ముగిసిన ఆర్డర్ల సంఖ్య గోదాము లెక్కలో ఒక రకంగా, అకౌంట్స్ లెక్కలో మరో రకంగా వచ్చింది. మూడు రోజుల పాటు డేటాబేసు నుంచి లెక్కలు తీసే క్వెరీలన్నీ తిరగేశాము, ఒక్కదానిలోనూ తప్పు దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే, గోదాము వారి దృష్టిలో సరుకు లారీ ఎక్కితే ఆర్డర్ ముగిసినట్టు, అకౌంట్స్ వారి దృష్టిలో సొమ్ము జమ అయితే ముగిసినట్టు, ఫిర్యాదులు చూసే బృందం దృష్టిలో వస్తువును తిప్పి పంపే గడువు దాటితే తప్ప ముగియనట్టు. డేటాబేసులో మాత్రం క్లోజ్డ్ అనే కాలమ్ ఒక్కటే ఉంది. దాన్ని చేర్చిన డెవలపర్ ఆ రోజు ఎవరితో మాట్లాడారో వారి అర్థమే అందులో స్థిరపడిపోయింది.

అప్పటి నుంచి, అందరికీ తెలుసని అందరూ అనుకునే మాటల విషయంలో బృందం తీసుకున్న నిర్ణయాలను భద్రపరిచే దస్త్రంగానే నేను పదకోశాన్ని చూస్తున్నాను. అలాంటి దస్త్రాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఒక్కో పదాన్ని ఎలా రాయాలో, ఏడాది గడిచాక కూడా దాన్ని నమ్మదగినదిగా ఎలా ఉంచుకోవాలో వరుసగా చెబుతాను.

1. పదాలను పోగుచేయండి

తెల్ల కాగితం ముందు కూర్చుని గుర్తొచ్చిన పదాలను రాసుకుంటూ పోవడంతో ఈ పని మొదలుపెట్టకండి. అలా రాస్తే మీకు బాగా తెలిసిన పదాలే వస్తాయి, చిక్కు తెచ్చే పదాలు రావు. దానికి బదులు ఇప్పటికే ఉన్న చోట్ల వెతకండి: డేటాబేసులోని టేబుళ్ల పేర్లు, కాలమ్‌ల పేర్లు, తెరల మీద బటన్లకు పెట్టిన పేర్లు, కస్టమర్లకు వెళ్లే ఈమెయిళ్లు, ఒప్పంద పత్రాల మొదట్లో ఉండే నిర్వచనాలు, సమస్యలనూ పనులనూ నమోదుచేసిన పాత టికెట్లు. వీటన్నిటిలో నేను ముందుగా చూసేది స్టేటస్ విలువల జాబితాలను. పెండింగ్, యాక్టివ్, కన్ఫర్మ్‌డ్ వంటి ప్రతి విలువ వెనుకా ఒక స్థితి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంటుంది, చాలాసార్లు ఆ నిర్ణయం ఎక్కడా రాసి ఉండదు.

ఆ తర్వాత, ఇది బగ్ కాదు, ఇలాగే పనిచేయాలి అన్న వివరణతో మూసేసిన టికెట్లను వెతికి తీయండి. టికెట్ పెట్టినవారు ఒక మాటను ఒక రకంగా అర్థం చేసుకున్నారు, మూసినవారు మరో రకంగా అర్థం చేసుకున్నారు. ఆ రెండు అర్థాలూ ఒకచోట ఎదురుపడిన సాక్ష్యం మీకు ఆ టికెట్‌లో సిద్ధంగా దొరుకుతుంది.

పోగైన జాబితాలోంచి పదాలను ఎంచుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఈ మాటను ఇద్దరు వేర్వేరుగా అర్థం చేసుకునే అవకాశం ఉందా? అలా అర్థం చేసుకుంటే డబ్బో, డేటానో, పని దినాలో నష్టపోతామా? రెండింటికీ అవును అన్న జవాబు వస్తేనే ఆ పదాన్ని తీసుకోండి. సర్వర్, క్యాష్ (cache), ఏపీఐ వంటి సాంకేతిక పదాలకు ఈ పదకోశంలో చోటు ఇవ్వవద్దు, వాటి అర్థాలు బయట ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి విడతలో ఇరవై, ముప్పై పదాలకు మించకపోవడం మంచిది. తొలి రోజే మూడు వందల పదాలతో వచ్చిన పదకోశాన్ని పూర్తిగా చదివేవారు ఉండరు, చదవని దానిలోని తప్పులను దిద్దేవారూ ఉండరు.

2. పని తెలిసినవారిని సరిహద్దు సందర్భాలతో అడగండి

ముగిసిన ఆర్డర్ అంటే ఏమిటండీ అని నేరుగా అడిగితే, ఎంత అనుభవం ఉన్నవారైనా పాఠ్యపుస్తకంలా ఒక వాక్యం చెబుతారు. ఆ వాక్యం వినడానికి బాగుంటుంది కానీ దాని ఆధారంగా కోడ్ రాయలేరు. అందుకే వెళ్లేముందు, ఆ పదం వర్తిస్తుందో లేదో వెంటనే తేల్చలేని మూడు నాలుగు సందర్భాలను సిద్ధం చేసుకుని వెళ్లండి.

ఒకసారి అకౌంట్స్ చూసే పెద్దావిడను ఇలా అడిగాను: “ఆర్డర్‌లో మూడు వస్తువులున్నాయండీ. రెండు చేరాయి, మూడోది స్టాకు లేక రద్దయింది. ఈ ఆర్డర్ ముగిసినట్టేనా?” ఆవిడ వెంటనే, “ముగిసినట్టే బాబూ” అన్నారు. ఒక క్షణం ఆగి, “లేదు, ఉండు. ఆ మూడోదాని డబ్బు తిరిగి ఇవ్వాలి కదా. అది వెళ్లేదాకా మా పుస్తకంలో అది తెరిచే ఉంటుంది” అన్నారు. మనం రాయవలసిన నిర్వచనం ఆ రెండో జవాబులో ఉంది. సరిహద్దు సందర్భం ఎదురుగా పెట్టకపోతే ఆవిడ మొదటి జవాబుతోనే ఆగిపోయేవారు, నేను అదే రాసుకుని వచ్చేవాడిని.

ఇలాంటి సంభాషణలలో వారు వాడిన మాటలను వాడినట్టే రాసుకోండి. మీకు అలవాటైన డెవలపర్ల మాటల్లోకి అక్కడికక్కడే మార్చుకుంటే, వారు జాగ్రత్తగా పాటిస్తున్న తేడాలు మీ నోట్సులోకి రావు. ఒక్కో విభాగం వారితో ముందు విడిగా మాట్లాడి, ఆ తర్వాతే అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. మొదటే అందరినీ కలిపితే పెద్ద హోదాలో ఉన్నవారి అర్థమే అందరి అర్థంగా నమోదవుతుంది, మిగిలినవారు తమ పద్ధతిలోనే పనిచేసుకుంటూ పోతారు.

3. నిర్వచనం రాయండి, రాసినదాన్ని పరీక్షించండి

పారిభాషిక పదాల పని ఎలా చేయాలో చెప్పే ఐఎస్‌ఓ 704 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. అందులోని రెండు సూత్రాలు సాఫ్ట్‌వేర్ బృందాలకు నేరుగా పనికొస్తాయి. మొదటిది, నిర్వచనం ఆ వస్తువు ఏ పెద్ద వర్గానికి చెందుతుందో చెప్పి, ఆ వర్గంలోని మిగిలినవాటి నుంచి దాన్ని వేరుచేసే లక్షణాలను చెప్పాలి. రెండోది, ఒక వాక్యంలో ఆ పదాన్ని తీసేసి నిర్వచనాన్ని పెట్టినా వాక్యం అర్థం చెడకూడదు.

ముగిసిన ఆర్డర్ అంటే ప్రక్రియ ముగిసిన ఆర్డర్ అని రాస్తే పదమే మళ్లీ నిర్వచనంలో తిరుగుతోంది, చదివినవారికి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇలాంటి నిర్వచనాలు పదకోశాలలో ఎన్ని ఉంటాయో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. పైన చెప్పిన సంభాషణ తర్వాత నేను రాసిన నమోదు ఇంచుమించు ఇలా ఉంది:

పదం: ముగిసిన ఆర్డర్
పరిధి: అకౌంట్స్
నిర్వచనం: అందులోని ప్రతి వస్తువూ కస్టమర్‌కు చేరడమో రద్దు కావడమో జరిగి, రావలసిన సొమ్మంతా జమై, తిరిగి ఇవ్వవలసిన సొమ్మేదీ మిగిలి లేని ఆర్డర్.
కిందికి వచ్చేది: మూడు వస్తువులలో రెండు చేరి, ఒకటి రద్దై, రద్దైనదాని సొమ్మును కస్టమర్‌కు తిరిగి చెల్లించేసిన ఆర్డర్.
కిందికి రానిది: మిగిలిన వస్తువులన్నీ చేరినా, రద్దైన ఒక్క వస్తువు సొమ్మును ఇంకా తిరిగి చెల్లించని ఆర్డర్.
గమనిక: కస్టమర్ ఆ తర్వాత వస్తువును తిప్పి పంపితే, తిరిగి ఇవ్వవలసిన సొమ్ము కొత్తగా ఏర్పడుతుంది కనుక ఆర్డర్ ఈ స్థితి నుంచి బయటికి వస్తుంది.
వాడకూడని మాటలు: పూర్తయిన ఆర్డర్, క్లోజ్డ్ ఆర్డర్, ఫైనల్ ఆర్డర్.
కోడ్‌లో పేరు: సెటిల్డ్ ఆర్డర్.
పద బాధ్యులు: అకౌంట్స్ విభాగం.
చివరి మార్పు: తేదీ, కారణం, చర్చ జరిగిన టికెట్ సంఖ్య.

దీనిలో అన్నిటికన్నా విలువైనవి కిందికి వచ్చేది, కిందికి రానిది అన్న రెండు వరుసలని నా అభిప్రాయం. నిర్వచన వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా రాసినా ఇద్దరు రెండు రకాలుగా చదవగలరు, కానీ ఒక నిర్దిష్టమైన సందర్భం లోపలికి వస్తుందో రాదో స్పష్టంగా చెప్పినప్పుడు అలా చదవడానికి వీలుండదు. స్థలం చాలక ఏదైనా వదలవలసి వస్తే వివరణలను వదలండి, ఈ రెండు ఉదాహరణలను వదలకండి.

ఇప్పుడు రెండో సూత్రంతో పరీక్షించండి. మా అవసరాల పత్రంలో, ముగిసిన ఆర్డర్‌లో చిరునామా మార్చడానికి వీలుండకూడదు అనే వాక్యం ఉండేది. పదం స్థానంలో నిర్వచనాన్ని పెట్టి చదివితే, సరుకు చేరి, సొమ్ము లెక్కలన్నీ తేలాక మాత్రమే చిరునామా మార్పును ఆపాలని అర్థం వచ్చింది. అంటే లారీ దారిలో ఉండగా కూడా చిరునామా మార్చవచ్చన్నమాట, అది ఎవరి ఉద్దేశమూ కాదు. ఆ వాక్యం రాసినవారి మనసులో ఉన్నది పంపిన ఆర్డర్. పదకోశం పూర్తికాకముందే, కేవలం ఒక నిర్వచనాన్ని ఇలా పరీక్షించడం వల్ల, అవసరాల పత్రంలోని తప్పు ఒకటి బయటపడింది.

కొలతలతో ముడిపడిన పదాలకు ప్రమాణాన్ని (యూనిట్‌ను) రాయడం మరచిపోకండి. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడిని చేరే సమయంలో నష్టపోయింది. భూమి మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్, నౌక ఇంజన్ల తోపును కొలిచే ప్రచోదనం విలువలను పౌండ్-ఫోర్స్ సెకండ్లలో ఇస్తే, వాటిని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకండ్లుగా తీసుకుంది. రెండింటి మధ్య తేడా సుమారు 4.45 రెట్లు. విలువ పేరు రెండు వైపులా ఒకటే అయినా దాని వెనుక ఉన్న ప్రమాణం ఒకటి కాలేదు. మన వ్యాపార వ్యవస్థల్లో ఇలాంటి ప్రమాదం తరచుగా రోజు అనే మాట దగ్గర పొంచి ఉంటుంది. తిప్పి పంపే గడువు 30 రోజులు అన్నప్పుడు, ఆ రోజులు ఆర్డర్ పెట్టినప్పటి నుంచా, సరుకు పంపినప్పటి నుంచా, చేరినప్పటి నుంచా? వస్తువులు విడతలుగా చేరితే మొదటిదాని నుంచా, చివరిదాని నుంచా? చేరిన రోజు లెక్కలోకి వస్తుందా? రోజు ముగిసే అర్ధరాత్రి ఏ టైమ్ జోన్‌ది? సెలవు దినాలను లెక్కించాలా? ఈ అయిదింటికీ జవాబు లేకపోతే ఆ పదానికి నిర్వచనం ఇంకా రాలేదనే భావించండి.

అయితే 30 అన్న అంకెను నిర్వచనంలో రాయకండి. విధానం మారినప్పుడల్లా మారే అంకెలు సెట్టింగులలో ఉండాలి, పదకోశంలో ఉండవలసింది ఆ అంకెను ఎలా లెక్కించాలన్న నియమం. ఈ తేడా పాటించకపోతే, ఆరు నెలల్లో పదకోశంలో ఒక అంకె, ప్రోగ్రామ్‌లో మరో అంకె కనిపిస్తాయి, అది చూసినవారు పదకోశంలోని మిగతా విషయాలను కూడా నమ్మడం మానేస్తారు.

4. ఒకే అర్థానికి అనేక మాటలు, ఒకే మాటకు అనేక అర్థాలు

మొదటి చిక్కు సులభంగా తీరుతుంది. కస్టమర్, క్లయింట్, కొనుగోలుదారు, యూజర్ అన్న నాలుగు మాటలతో ఒకే వ్యక్తిని సూచిస్తుంటే, ఒకదాన్ని ఎంచుకుని మిగిలినవాటిని వాడకూడని మాటల వరుసలో చేర్చండి. వాటిని పూర్తిగా చెరిపేయడం పొరపాటు, ఎందుకంటే పాత పత్రాల్లో క్లయింట్ అన్న మాట చూసి వెతికేవారు సరైన పదానికి చేరుకోవాలి. పదజాలాలను వెబ్‌లో పంచుకోవడానికి 2009లో వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించిన స్కాస్ కూడా ఇదే పద్ధతిని పాటిస్తుంది: ఒక భావనకు ఒక భాషలో ప్రధానమైన పేరు ఒకటే ఉండాలి, మిగిలినవి ప్రత్యామ్నాయ పేర్లుగా దాని కిందే చేరాలి.

రెండో చిక్కుకు మరింత ఓపిక కావాలి. మూడు విభాగాలు ఒకే మాటను మూడు అర్థాలతో వాడుతున్నప్పుడు, ఒక అర్థాన్ని గెలిపించి మిగిలిన రెండింటినీ తప్పు అనాలన్న కోరిక సహజంగా కలుగుతుంది. కానీ ఆ విభాగాల వారు తమ పనికి అవసరమైన అర్థంతోనే వాడుతున్నారు కనుక, మీ తీర్పు పత్రంలో ఉంటుంది, వారి వాడుక వారి నోట ఉంటుంది. ఎరిక్ ఎవాన్స్ 2003లో డొమైన్ ఆధారిత రూపకల్పన (సాఫ్ట్‌వేర్‌ను అది పనిచేసే రంగంలోని భావనల ఆధారంగా రూపొందించే పద్ధతి) గురించి రాసినప్పుడు, ఒక నమూనా ఎంతమేరకు వర్తిస్తుందో ఆ హద్దును స్పష్టంగా గీసుకోవాలనీ, ఆ హద్దు లోపల డెవలపర్లూ, పని తెలిసినవారూ, కోడూ ఒకే భాష మాట్లాడాలనీ చెప్పారు. దాన్నే పైన రాసిన నమోదులో పరిధి అన్న వరుసగా పెట్టాము.

పరిధులను విచ్చలవిడిగా పెంచడం కూడా ప్రమాదమే. ప్రతి బృందం ప్రతి పదానికీ సొంత అర్థం రాసుకుంటే అది ఉమ్మడి పదకోశం అనిపించుకోదు. నేను పాటించే నియమం ఒకటే: ఒక పదానికి రెండో పరిధిలో మరో అర్థం చేర్చాలనుకునేవారు, ఆ రెండు పరిధుల మధ్య సమాచారం ఎక్కడ చేతులు మారుతుందో, అక్కడ ఒక అర్థం నుంచి మరో అర్థానికి ఎలా మారుతుందో రాయాలి. అది రాయలేకపోతే కొత్త పేరు పెట్టుకోవాలి. మా ప్రాజెక్టులో చివరికి కొత్త పేర్లనే ఎంచుకున్నాము. క్లోజ్డ్ అనే ఒక్క కాలమ్ స్థానంలో సరుకు పంపిన తేదీ, లెక్కలు తేలిన తేదీ, తిప్పి పంపే గడువు దాటిన తేదీ అనే మూడు కాలమ్‌లు వచ్చాయి. నెలాఖరు నివేదికలో ఏ తేదీ చూడాలో ఏ విభాగానికి ఆ విభాగమే చెప్పుకోగలిగింది, సంఖ్యలు ఎందుకు వేరుగా ఉన్నాయన్న ప్రశ్న మళ్లీ రాలేదు.

5. కోడ్ ఉన్న చోటే పదకోశాన్నీ ఉంచండి

స్ప్రెడ్‌షీటులో మొదలైన పదకోశాలు కాపీలుగా చీలిపోవడం, వికీలో మొదలైనవి ఎవరూ చూడక పాతబడిపోవడం నేను చూశాను. కోడ్‌నూ దాని మార్పులనూ భద్రపరిచే రిపోజిటరీలోనే, మార్క్‌డౌన్ లేదా యామల్ వంటి సాదా పాఠ్యంగా, ఒక్కో పదానికి ఒక్కో ఫైలుగా ఉంచడం నాకు బాగా కుదిరిన పద్ధతి. సర్వర్ల మీద ప్రోగ్రామ్‌లను నడిపే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లోని పదకోశం కూడా ఇలా ఒక్కో పదానికి ఒక్కో ఫైలుగానే ఉంటుంది. ఇలా ఉంచితే ప్రతి మార్పు ఎప్పుడు, ఎవరు, ఎందుకు చేశారో మార్పులను నమోదుచేసే గిట్ అనే సాధనం చరిత్రలో నిలుస్తుంది, కోడ్ మార్పును సమీక్షకు పంపే పుల్ రిక్వెస్ట్‌లోనే పదాన్నీ మార్చవచ్చు, రెండింటినీ ఒకే సమీక్షలో చూడవచ్చు.

దీనిలో ఒక లోటు ఉంది, దాన్ని తేలికగా తీసుకోకండి. నిర్వచనాలు నిజంగా తెలిసిన అకౌంట్స్ వారికీ, గోదాము వారికీ గిట్ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కాబట్టి ఆ ఫైళ్ల నుంచి వెతకడానికి వీలైన వెబ్ పేజీ దానంతట అదే తయారయ్యే ఏర్పాటు చేయండి. ప్రతి పదం కింద, ఈ నిర్వచనం సరిగా లేదు అని చెప్పడానికి ఒక చిన్న ఫారం పెట్టండి. ఆ ఫారం నింపగానే టికెట్ తయారై పద బాధ్యులకు చేరాలి.

6. బాధ్యత ఎవరిదో, మార్పు ఎలాగో నిర్ణయించండి

ప్రతి పదానికీ ఆ పనిలో ఉన్న విభాగం నుంచి ఒక బాధ్యులు ఉండాలి, అర్థం మీద చివరి మాట వారిదే. మొత్తం పదకోశానికి బృందం నుంచి ఒక సంపాదకులు ఉండాలి, రాత తీరు, ఒక పదానికీ మరో పదానికీ పొంతన, గడువులు వారు చూసుకుంటారు. ఈ రెండు పనులూ ఒకరికే అప్పగిస్తే, ఆ ఒక్కరు సెలవు పెట్టిన నాటి నుంచి పదకోశం కూడా సెలవులో ఉంటుంది.

పుల్ రిక్వెస్ట్ నమూనాలో ఒక ప్రశ్న చేర్చండి: ఈ మార్పు కొత్త పదాన్ని తెస్తోందా, లేదా ఉన్న పదం అర్థాన్ని మారుస్తోందా? అవును అయితే పదకోశంలో మార్పు కూడా అదే రిక్వెస్ట్‌లో ఉండాలి. పద బాధ్యులు ఇన్ని పనిదినాల్లో జవాబు చెప్పాలని ఒక గడువు పెట్టండి, అయిదు దినాలు సరిపోతాయి. గడువులోగా తేలకపోతే ఆ పదాన్ని దాచిపెట్టకుండా, ఇంకా తేలలేదు అన్న గుర్తుతో, రెండు వైపుల వాదనలతో సహా ప్రచురించండి. తేలని పదం తేలనట్టు కనిపించినప్పుడు డెవలపర్ ఆగి అడుగుతారు, పదమే కనిపించకపోతే ఊహించుకుని రాస్తారు.

7. నిర్వచనాన్ని కోడ్‌తో ముడివేయండి

క్లాసులు, టేబుళ్లు, స్టేటస్ విలువలు, ఏపీఐలలోని ఫీల్డులు పదకోశంలో ఉన్న కోడ్ పేర్లనే వాడాలి. కొత్త కోడ్‌లో ఇది కష్టం కాదు. పాత డేటాబేసులో పేర్లు మార్చడం చాలాసార్లు సాధ్యపడదు, ఎందుకంటే వాటి మీద ఆధారపడిన నివేదికలూ, బయటి వ్యవస్థలూ ఉంటాయి. అప్పుడు పాత పేరు ఏ పదాన్ని సూచిస్తుందో పదకోశంలో రాసి, డేటాబేసులో కూడా ఆ కాలమ్‌కు వ్యాఖ్య జోడించండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లో కామెంట్ ఆన్ కాలమ్ అనే ఆదేశంతో ఈ పని ఒక్క వరుసలో అయిపోతుంది, టేబుల్‌ను తెరిచి చూసినవారికి అర్థం అక్కడే కనిపిస్తుంది.

వాడకూడని మాటల వరుసను యంత్రానికి అప్పగించవచ్చు. వేల్ అనే ఉచిత సాధనంలో, ఫలానా మాటకు బదులు ఫలానా మాట వాడమని నియమం రాస్తే, డాక్యుమెంటేషన్‌లో ఆ మాట కనిపించిన ప్రతిచోటా హెచ్చరిస్తుంది. మొదట్లో దీన్ని హెచ్చరికగానే ఉంచండి, బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే ప్రక్రియ) ఆగిపోయేలా పెట్టకండి. పాత పత్రాల్లోని వందల తప్పులు ఒక్కసారిగా మీద పడితే, జనం పత్రాలను దిద్దడానికి బదులు ఆ సాధనాన్నే తీసేస్తారు.

అన్నిటికన్నా గట్టి ముడి మాత్రం పరీక్షలతో పడుతుంది. నమూనాలోని కిందికి వచ్చేది, కిందికి రానిది అన్న ఉదాహరణలు ఒక్కోదానికి ఒక్కో ఆటోమేటెడ్ పరీక్ష రాయండి, పదకోశంలో ప్రతి పదానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, పరీక్ష పేరులో దాన్ని చేర్చండి. రద్దైన వస్తువు సొమ్ము తిరిగి వెళ్లకముందే ఆర్డర్‌ను ముగిసినట్టు గుర్తించేలా ఎవరైనా కోడ్ మారిస్తే ఆ పరీక్ష విఫలమవుతుంది, విఫలమైన పరీక్ష పేరు చూస్తే ఏ నిర్వచనం చదవాలో తెలుస్తుంది. పదకోశం మారినా కోడ్ మారకపోయిన సందర్భాన్నీ, కోడ్ మారినా పదకోశం మారకపోయిన సందర్భాన్నీ ఇంత తొందరగా పట్టిచ్చే మరో ఏర్పాటు నాకు కనబడలేదు.

8. పత్రాలలో నిర్వచించిన పదాన్ని గుర్తుపట్టేలా చేయండి

ముగిసిన అన్నది రోజువారీ మాట కూడా. ఒక పత్రంలో అది మామూలు అర్థంలో వచ్చిందో, పదకోశం అర్థంలో వచ్చిందో చదివేవారికి ఎలా తెలుస్తుంది? ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారికి కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. మస్ట్, షుడ్, మే వంటి మాటలకు ప్రత్యేకమైన అర్థాలను 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ప్రమాణ పత్రం నిర్ణయించింది. ఆ మాటలను పెద్ద అక్షరాలలో రాసినప్పుడే ఆ ప్రత్యేక అర్థం వర్తిస్తుందని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 స్పష్టం చేయవలసి వచ్చింది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు కనుక ఆ ఉపాయం మనకు పనికిరాదు. నిర్వచించిన పదం ప్రతి విభాగంలో మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని పదకోశానికి లింకుగా మార్చడం, అదీ వీలుకాని ముద్రిత పత్రాల్లో బొద్దు అక్షరాలలో వేయడం సరిపోతుంది.

9. రెండు భాషల తెరలు ఉంటే

కోడ్ ఇంగ్లీషులో, తెర తెలుగులో ఉన్న ప్రాజెక్టులో, పదకోశాన్ని పదాల వారీగా కాక భావనల వారీగా పేర్చండి. ఒక భావనకు ఒక గుర్తింపు సంఖ్య, ఒక నిర్వచనం, ఒక్కో భాషలో ఒక్కో పేరు ఉండాలి. ఇది ఎందుకు అవసరమో వాపసు అన్న మాట చూస్తే తెలుస్తుంది. కోడ్‌లో రిటర్న్, రిఫండ్ అని రెండు వేర్వేరు పేర్లున్నాయి, మొదటిది వస్తువు వెనక్కి రావడం, రెండోది సొమ్ము వెనక్కి వెళ్లడం. తెలుగులో రెండింటినీ వాపసు అనే అంటాము. అనువాదకులకు పదాల జాబితా మాత్రమే ఇస్తే రెండు బటన్ల మీదా వాపసు అనే వస్తుంది, వారిది తప్పు కాదు. భావన వారీ పదకోశం చేతిలో ఉంటే వస్తువు వాపసు, సొమ్ము వాపసు అని విడదీసి రాస్తారు. పైన ఇచ్చిన నమూనాలో నేను వాపసు అన్న మాటను ఎక్కడా వాడకపోవడానికి కారణం కూడా ఇదే.

10. పదాన్ని తీసేయవలసి వస్తే

చెరిపేయకండి. వైద్యరంగంలో వాడే స్నోమెడ్ సీటీ అనే పదజాలంలో, ఇక వాడకూడని భావనను నిష్క్రియంగా గుర్తిస్తారు, దాని సంఖ్యను మరోదానికి ఇవ్వరు, ఎందుకంటే ఏళ్ల క్రితం రాసిన రోగి వివరాలు ఆ సంఖ్యనే సూచిస్తూ ఉంటాయి. మీ వ్యవస్థ నమోదుచేసిన పాత లాగ్ ఫైళ్లు, పాత నివేదికలు, పాత టికెట్లు కూడా అంతే. పదం పక్కన ఎప్పటి నుంచి వాడుకలో లేదో, దాని స్థానంలో ఏది వచ్చిందో, ఎందుకు మారిందో మూడు వాక్యాల్లో రాసి ఉంచండి.

11. మూడు నెలలకొకసారి చూసుకోండి

అరగంట చాలు. సంపాదకులు, ఇద్దరు ముగ్గురు పద బాధ్యులు కూర్చుని, తేలలేదన్న గుర్తు ఉన్న పదాలను ముందుగా చూడండి. తర్వాత ఆ మూడు నెలల టికెట్లలో ఎక్కువసార్లు కనిపించి పదకోశంలో లేని మాటలను చూడండి. ఏడాదిగా ఎవరూ తెరవని పదాలను చివర చూడండి, వాటిలో కొన్ని నిజంగా అవసరం లేనివై ఉంటాయి, వాటిని పైన చెప్పిన పద్ధతిలో వాడుక నుంచి తప్పించండి.

కొత్తగా చేరినవారి మొదటి వారం ఈ సమీక్షకు అన్నిటికన్నా మంచి అవకాశం. వారికి పదకోశం ఇచ్చి, అర్థం కాని ప్రతి నిర్వచనం దగ్గర, పదకోశంలో వెతికినా దొరకని ప్రతి మాట దగ్గర ఒక గుర్తు పెట్టమనండి. బృందంలో ఏళ్లుగా ఉన్నవారి కంటికి ఆనని లోటు వారికి తొలి చదువులోనే కనిపిస్తుంది, కానీ రెండు మూడు వారాలు గడిస్తే వారూ అందరిలాగే ఆ మాటలకు అలవాటుపడిపోతారు. అందుకే ఆ గుర్తులను ఆ వారంలోనే టికెట్లుగా మార్చి పద బాధ్యులకు పంపండి. నిర్వచనం సరిదిద్దాక, దాన్ని ఆ కొత్తవారి చేతే మరొకసారి చదివించి, సరిహద్దు సందర్భం ఒకటి చెప్పి, అది లోపలికి వస్తుందో రాదో వారినే చెప్పమనండి.